కుటుంబ ఆరోగ్యము: ఆగిన గుండెకు ఏ వైద్యము మేలు చేస్తుంది?



బోధన్ దగ్గరి ఒక గ్రామము నుండి ఒక సహోదరి ఈ శీర్షికకు ఉత్తరము వ్రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు కాబట్టి వేయడం లేదు. ఆమె మామగారు చెరుకు రైతు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బండి కట్టి చెరుకు తోలిన మనిషి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడిన తరువాత వరి, పసుపు వేసుకుంటూ వచ్చారట. ఒక తెల్లవారుజామున మంచము మీద కూర్చొని చాయ తాగుతూ ఒక ప్రక్కకు ఒరిగిపోయారు. ఇంటివారు ముఖము మీద నీళ్ళు చల్లారు, ఉల్లిగడ్డ నలిపి వాసన చూపించారు, అరికాళ్ళు రుద్దారు. గురక వంటి శ్వాస రెండు మూడు మార్లు వచ్చేసరికి ఊపిరి ఉన్నదనుకొని ఆటో కోసం పరుగెత్తారు. ఆస్పత్రి చేరేసరికి ముప్పావు గంట దాటింది.

“డాక్టరుగారు ఛాతీ నొక్కారు, రెండు సూదులు వేశారు, ఇక లాభము లేదన్నారు. కరెంటు షాకు మిషను పెట్టనే లేదు. ‘పట్నము తీసుకపోతే ఇంకా మంచి సూది ఇచ్చేటోళ్ళు, బాపు బతికేటోడు’ అని మా మరిది ఇప్పటికీ అంటున్నాడు. సంఘములో ఒకరు మీకు విశ్వాసము చాలలేదన్నారు. అయ్యా, అసలు ఏ మందు పనిచేస్తుంది? మేము ఏమి చేసి ఉండవలసినది?” అని ఆమె అడుగుతున్నారు.

విశ్వాసము చాలలేదన్న మాటను నేను ఒప్పుకోను. ఇంటి పెద్ద పోయిన వారితో అనవలసిన మాట కాదది. మిగిలిన ప్రశ్నలకు మాత్రం జవాబు ఉన్నది. ఆ జవాబు కొంత ఊరటగాను, కొంత కష్టముగాను ఉంటుంది. ఊరట కోసము అబద్ధము వ్రాయలేను గనుక ఉన్నది ఉన్నట్టు వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడము వేరు. గుండెకు రక్తము తీసుకువెళ్ళే నాళములో అడ్డు పడితే గుండెపోటు. ఆ మనిషికి నొప్పి ఉంటుంది, చెమటలు పోస్తాయి, మాట్లాడతాడు, అతనిని ఆస్పత్రికి తీసుకువెళ్ళడానికి సమయము ఉంటుంది. గుండె ఆగిపోతే మాట ఉండదు, స్పృహ ఉండదు, నాడి ఉండదు. గుండెపోటు వలన గుండె ఆగవచ్చు. కరెంటు షాకు, పిడుగు, నీటిలో మునగడము, పురుగుల మందు వలన కూడా ఆగవచ్చు. ఆగిన నాలుగైదు నిమిషములకే మెదడు చెడిపోవడము మొదలవుతుంది. బోధన్ నుండి నిజామాబాద్ పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఎంత వేగముగా తోలినా నాలుగు నిమిషములలో చేరలేము.

ఆ గురక వంటి శ్వాస చాలామందిని మోసము చేస్తుంది. గుండె ఆగిన తరువాత కూడా కొన్ని నిమిషములు మనిషి నోరు తెరచి, ఆగి ఆగి, ఎగబీల్చినట్లు గాలి తీయవచ్చు. అది బ్రతికి ఉన్న శ్వాస కాదు. తట్టి పిలిచినా పలుకక, శ్వాస మామూలుగా లేకపోతే గుండె ఆగినదనే అనుకోవాలి. ఈ సంగతి మీకు ఎవరూ చెప్పలేదు, సహోదరీ. ఎందరో చదువుకున్నవారికి కూడా తెలియదు.

ఇక ఏ వైద్యము పనిచేస్తుంది, ఏది చేయదు అన్న సంగతి. ఇది చూచినంత మాత్రాన తెలిసేది కాదు. సూది వేసిన తరువాత ఒకరు లేచి కూర్చుంటే సూది వలననే లేచారంటాము. సూది వేసినా లేవనివారిని మరచిపోతాము. 1774లో లండనులో నీట మునిగినవారిని బ్రతికించడానికి పెద్దమనుషులు ఒక సంఘము పెట్టారు. ఆ కాలములో వారు నమ్మిన ఒక చికిత్స ఏమిటంటే, చదవడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి, తిత్తితో పొగాకు పొగను మనిషి వెనుకదారిన లోపలికి ఊదడము. థేమ్స్ నది ఒడ్డున అందుకు కావలసిన సామాను పెట్టెలు కూడా ఉంచారు. పొగాకులోని విషము గుండెకు చెరుపు చేస్తుందని 1811లో బ్రోడీ అనే వైద్యుడు జంతువుల మీద చూపించిన తరువాత గాని ఆ నమ్మకము సడలలేదు. ఊదినవారు దుర్మార్గులు కారు. బ్రతికించాలనే ఊదారు.

అంత దూరము పోనక్కరలేదు. మన హైదరాబాదులోనే ఇటువంటి గొప్ప వాదము జరిగింది. అప్పుడు మన నిజామాబాద్ ఇందూరు అన్న పేరుతో నిజాము రాజ్యములో ఉన్నది. శస్త్రచికిత్సకు మత్తు కోసము క్లోరోఫారము వాసన చూపించే రోజులవి. కొందరు ఆ మత్తులోనే అకస్మాత్తుగా చనిపోయేవారు. ఎందుకు? గుండె ముందు ఆగుతున్నదా, శ్వాస ముందు ఆగుతున్నదా? హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ శ్వాసే ముందు ఆగుతుందనీ, శ్వాసను కనిపెట్టి చూస్తే క్లోరోఫారము వలన భయము లేదనీ గట్టిగా నమ్మినవాడు. 1888లో కుక్కల మీద పరీక్షలు చేసి తన మాటే నిజమన్నాడు. లండనులోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు నిజాము మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌండ్లు ఇచ్చి, మీరే ఒక నిపుణుని పంపండి అన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరుగల వైద్యుడు ఓడ ఎక్కి వచ్చాడు. వందలాది జంతువుల మీద మళ్ళీ పరీక్షలు జరిగాయి. వచ్చినవాడు కూడా లారీ మాటకే మొగ్గు చూపాడు.

అయినా కథ ముగియలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ అనే వైద్యుడు పిల్లుల మీద పరీక్ష చేసి, తేలిక మత్తులో ఉన్నప్పుడు గుండె ఒక్కసారిగా లయ తప్పి, కొట్టుకొనక వణుకుతూ ఆగిపోవచ్చునని చూపించాడు. ఆ వణుకును అతడు దేనితో పుట్టించాడో తెలుసా? అడ్రినలిన్ సూదితో. ఇప్పుడు ఆగిన గుండెకు మొదటగా ఇచ్చే మందు కూడా అదే. వందల జంతువుల లెక్క, రాజుగారి ధనము, పేరున్న వైద్యుని సాక్ష్యము అన్నీ ఉండి కూడా హైదరాబాదు పరీక్ష సగము సత్యము దగ్గరే ఆగిపోయింది. లారీ మీద నాకు చిన్నచూపు లేదు. తన నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు, అది గొప్ప సంగతే. కాని జవాబు ముందే తెలుసుననుకొని ప్రశ్న అడిగాడు.

ఛాతీ నొక్కడము ఎలా వచ్చిందో మన రైతులు తప్పక తెలుసుకోవాలి. అది కరెంటు షాకుతో చనిపోయినవారి వలన వచ్చింది. అమెరికాలో కరెంటు తీగలు వేసిన తొలి కాలములో లైనుమెన్లు చాలామంది స్తంభముల మీదనే చనిపోయేవారు. దీనికి ఉపాయము కనుగొనడానికి 1920ల నుండి శ్రమపడినవారిలో విలియం కౌవెన్‌హోవెన్ ఒకరు. ఆయన వైద్యుడు కాదు, కరెంటు ఇంజనీరు. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్‌లో, వణుకుతున్న గుండెను షాకుతోనే సరిచేయడము మీద పనిచేస్తూ ఉండగా, 1958లో ఆయన దగ్గరి యువకుడు నికర్‌బాకర్ ఒక వింత చూచాడు. షాకు పలకలను కుక్క ఛాతీ మీద గట్టిగా అదిమినప్పుడు, షాకు ఇవ్వకముందే, రక్తపోటు కొంచెము లేస్తున్నది. అంటే పైనుండి నొక్కితేనే రక్తము కదులుతున్నది! సర్జను జూడ్‌తో కలిసి వారు 1960లో తమ మొదటి 20 మంది రోగుల సంగతి ప్రచురించారు. వారిలో 14 మంది బ్రతికారు. అయితే ఆస్పత్రిలో, వైద్యుల కళ్ళ ముందు గుండె ఆగినవారిని బాగుచేసిన లెక్క అది. పొలము గట్టు మీద పడినవానికి ఆ లెక్క చెల్లదు.

మన ప్రాంతములో రాత్రిపూట కరెంటు వచ్చిన రోజుల్లో బావి దగ్గర చీకట్లో, తడి కాళ్ళతో మోటారు స్టార్టరు ముట్టుకొని ఎంతమంది పోయారో ప్రతి ఊరికి తెలుసు. ఇప్పటికీ పోతున్నారు. అటువంటివాడు చాలాసార్లు వయసులో ఉన్నవాడు, గుండెకు ఏ జబ్బు లేనివాడు. అతని గుండె పాడవలేదు, లయ తప్పింది అంతే. వెంటనే నొక్కితే ఆశ ఉన్నది. ముందు ఫీజు తీయండి లేక మెయిను ఆపండి, అది చేయకుండా ముట్టుకుంటే రెండవ శవము మీదే. తరువాత అతనిని పొడి నేల మీదికి లాగి నొక్కడము మొదలుపెట్టాలి. చెట్టు క్రింద పిడుగు పడినవారికీ ఇంతే. పిడుగు పడిన మనిషి ఒంటిలో కరెంటు మిగిలి ఉండదు, భయము లేకుండా ముట్టుకోవచ్చు. పిడుగుకు ఆగిన గుండె తనంతట తాను తిరిగి మొదలైనా శ్వాస ఆలస్యముగా వస్తుంది కాబట్టి నోటితో శ్వాస కూడా ఇవ్వాలి.

ఛాతీ నొక్కితే మేలని ఎలా తెలుసు? కొందరికి నొక్కి, కొందరిని ఊరికే వదిలి ఎవరూ పరీక్ష చేయలేదు, చేయరు కూడా. ఉన్నది మరొక విధమైన సాక్ష్యము. స్వీడను దేశములో ఎవరో ఒకరు చూస్తుండగా గుండె ఆగిన 30,381 మంది వివరములు 2015లో ప్రచురించారు. అంబులెన్సు రాకముందే ప్రక్కవారు ఛాతీ నొక్కినవారిలో నెల తరువాత బ్రతికి ఉన్నవారు 100కు 10.5 మంది. ఎవరూ నొక్కనివారిలో 4 మంది. నొక్కిన చోట మరికొన్ని అనుకూలతలు కూడా ఉండి ఉండవచ్చు, అందుకే దీనిని త్రాసులో తూచినంత గట్టి సాక్ష్యమనను. అయినా సగానికి పైగా తేడా అంత సులభముగా కొట్టివేయదగినది కాదు. అదే లెక్కను రెండవ వైపు నుండి కూడా చదవండి, సహోదరీ. వెంటనే నొక్కినవారిలో కూడా 100కు దాదాపు 90 మంది చనిపోయారు.

ఇప్పుడు మీ మరిది అడిగే సూది సంగతి. ఆగిన గుండెకు ఇచ్చే ముఖ్యమైన సూది అడ్రినలిన్. మండలములోని చిన్న ఆస్పత్రిలోను, హైదరాబాదులోని పెద్ద ఆస్పత్రిలోను అదే మందు, అదే 1 మిల్లీగ్రాము, మూడు నుండి ఐదు నిమిషములకు ఒకసారి. పట్నములో దాచిపెట్టిన ఇంకొక మంచి సూది లేదు. 1960ల నుండి ప్రపంచమంతా దీనిని ఇస్తూనే ఉన్నది. ఎక్కువ మోతాదులో ఇస్తే ఎక్కువ మేలేమో అని 1990లలో చూచారు, మేలు కనబడలేదు. అసలు ఇవ్వకపోతే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రము అడగడానికే భయపడ్డారు. పశ్చిమ ఆస్ట్రేలియా వైద్యులు అడిగారు. కాని ప్రాణము పోతున్నవానికి ఉప్పునీళ్ళు ఇస్తారా అని పత్రికలలో, రాజకీయములలో గొడవ లేచి, అనుకున్న అంబులెన్సులలో చాలా మట్టుకు వెనక్కు తగ్గాయి. 5,000 మందితో చేయాలనుకున్న పరీక్ష 600 మంది దగ్గరే ఆగిపోయింది. 2011లో వచ్చిన ఫలితము ఎటూ తేల్చలేదు.

తరువాత ఇంగ్లండు, వేల్సులలో ఐదు అంబులెన్సు సేవలు 2014 నుండి 2017 వరకు ఆ పని చేసి 2018లో ఫలితము చెప్పాయి. 8,014 మంది. సగము మందికి అడ్రినలిన్, సగము మందికి ఉప్పునీళ్ళు. సీసాలు చూడడానికి ఒకే రకము, ఇచ్చేవారికి కూడా ఏది ఏదో తెలియదు. గుండె తిరిగి కొట్టుకోవడము మొదలైనవారు అడ్రినలిన్ వైపు 100కు 36 మంది, ఉప్పునీళ్ళ వైపు 12 మంది కంటె తక్కువ. ఇక్కడే ఆగితే అద్భుతమైన మందు అనాలి. కాని నెల తరువాత ప్రాణముతో ఉన్నవారు ఎంతమంది? అడ్రినలిన్ వైపు 100కు 3.2, ఉప్పునీళ్ళ వైపు 2.4. అంటే 1,000 మందికి 8 మంది ఎక్కువ. తమ పని తాము చేసుకోగల స్థితిలో ఆస్పత్రి విడిచినవారు 2.2, 1.9. ఆ తేడా నిజమైన తేడా అని చెప్పడానికి చాలదు. బ్రతికినవారిలో మెదడు బాగా దెబ్బతిన్నవారు అడ్రినలిన్ వైపు 31 శాతము, రెండవ వైపు 18 శాతము.

గుండె లేచినా మెదడు లేవలేదన్నమాట. అక్కడ ఫోను వచ్చిన తరువాత సూది పడడానికి సగటున 21 నిమిషములు పట్టింది. త్వరగా ఇస్తే మేలు ఎక్కువేమో అన్న వాదము ఇంకా ఉన్నది, అందుకే అడ్రినలిన్‌ను మానివేయలేదు, ఇప్పటికీ ఇస్తున్నారు. ఇవ్వవలసినదే.

ఉప్పునీళ్ళ సంగతి విని మన సంఘస్థులలో కొందరు నొచ్చుకుంటారని తెలుసు. స్పృహ లేనివాడు ఒప్పుకోలేడు కదా, అతని మీద పరీక్ష పాపము కాదా అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఇంగ్లండులో ముందుగా ధర్మాధర్మ సంఘము అనుమతి తీసుకున్నారు. ఆ పరీక్షలో ఉండడము ఇష్టము లేనివారు చేతికి కడియము వేసుకునే ఏర్పాటు చేశారు. బ్రతికినవారికీ వారి కుటుంబములకూ తరువాత చెప్పి సమ్మతి అడిగారు. నా మనస్సుకు తోచినది ఇది: తెలియని మందును తెలిసినట్లు అరవై ఏండ్లు ఇవ్వడము కూడా పరీక్షే, లెక్క వ్రాసుకోని పరీక్ష. డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆస్పత్రిని 1915లో స్థాపించిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను ఎంతో ఆశతో సూదులుగా ఇచ్చారు. ఆ రోజుల్లో ఉన్న మేలైన మందు అదే. 1940లలో సల్ఫోను మందులు వచ్చిన తరువాత ఆ నూనె ప్రక్కకు పోయింది. దానివలన ఆమె సేవ తక్కువ కాలేదు గాని, నూనె మాత్రము నిలవలేదు.

మిగిలిన మందుల సంగతి త్వరగా చెబుతాను. అట్రోపిన్ ఎన్నో ఏండ్లు ఇచ్చారు, 2010లో పద్ధతి నుండి తీసివేశారు. రక్తపు గడ్డ కరిగించే సూదిని అందరికీ ఇచ్చి చూచిన ఐరోపా పరీక్ష 2008లో మేలు లేదన్నది. కాల్షియం ఇస్తే చెరుపే కనబడుతున్నదని డెన్మార్కులో పరీక్షను మధ్యలోనే ఆపి 2021లో ఫలితము చెప్పారు. లయను సరిచేసే అమియోడరోన్, లిడోకెయిన్ మందులను 2016లో అమెరికా, కెనడాలలో 3,026 మందిలో ఉప్పునీళ్ళతో పోల్చారు. బ్రతికినవారు వరుసగా 24.4, 23.7, 21 శాతము. మొత్తము మీద ఆ తేడా గట్టిగా నిలవలేదు. ఎవరో చూస్తుండగా పడిపోయినవారిలో మాత్రము కొంత మేలు కనబడింది. ఛాతీ నొక్కే మిషనులు వచ్చాయి, 2014, 2015 పరీక్షలలో అవి మనిషి చేతుల కంటె మిన్న కాలేదు. బ్రతికిన తరువాత ఒంటిని చల్లబరచాలని 2002లో రెండు చిన్న పరీక్షలు చెప్పగా లోకమంతా ఐసు గడ్డలు పెట్టింది. 2021లో 1,900 మందితో చేసిన పరీక్షలో చల్లదనానికి అదనపు మేలు కనబడలేదు. జ్వరము రాకుండా చూచుకుంటే చాలునన్నట్టు తేలింది.

మందులన్నిటి కంటె గట్టిగా నిలిచినది షాకు మిషను. అయితే అది వణుకుతున్న గుండెకే. సినిమాలలో తెర మీద గీత సాపు కాగానే రెండు పలకలు పెట్టి షాకు కొట్టడము, హీరో తల్లి లేచి కూర్చోవడము చూస్తాము. సాపు గీతకు షాకు ఇవ్వరు, ఇచ్చినా పనికిరాదు. ఆలస్యమయ్యే కొద్దీ వణుకు సన్నగిల్లి గీత సాపు అవుతుంది. ముప్పావు గంట తరువాత ఎక్కువమందిలో అంతే. మీ మామగారికి మిషను పెట్టలేదంటే ఆ డాక్టరుగారు నిర్లక్ష్యము చేసినట్లు కాకపోవచ్చు. త్వరగా పెడితే దాని బలము ఎంతో అమెరికా జూదశాలలలో తెలిసింది. మంచి చోటు కాదు గాని, కాపలాదారులు ప్రతి మూల కనిపెట్టి ఉంటారు కదా! 2000లో ప్రచురించిన లెక్క ప్రకారము, వణుకుతో గుండె ఆగినవారిలో 3 నిమిషములలోపు షాకు అందినవారు 74 శాతము, ఆ తరువాత అందినవారు 49 శాతము బ్రతికారు. మామూలు మనుషులకు మిషను వాడడము నేర్పిన పరీక్ష 2004లో వచ్చింది. నొక్కడము మాత్రమే నేర్చినవారి చోట్ల 107 మందిలో 15 మంది, మిషను కూడా ఉన్న చోట్ల 128 మందిలో 30 మంది బ్రతికారు. ఈ చిన్న మిషను షాకు ఇవ్వాలో వద్దో తానే చూచి నోటితో చెబుతుంది.

ఇక నోటితో శ్వాస. ఎలీషా ప్రవక్త షూనేమీయురాలి కుమారుని మీద పండుకొని నోటి మీద నోరు ఉంచిన సంగతి రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో మనము చదివినదే. ఇదే మొదటి నోటి శ్వాస అని కొందరు వైద్య గ్రంథకర్తలు వ్రాస్తారు. నేను అలా చదవను. ఆయన గాలి ఊదినట్లు అక్కడ వ్రాయబడలేదు, అది సూచక క్రియ. వైద్యములో దీనిని 1950లలో ఎలమ్, సఫర్ అనే వైద్యులు పరీక్షించి నిలబెట్టారు. ఫోనులో చెబుతుండగా ప్రక్కవారు చేసిన మూడు పరీక్షలను 2010లో కలిపి చూస్తే, ఛాతీ మాత్రమే నొక్కినచోట 14 శాతము, శ్వాస కూడా ఇచ్చినచోట 12 శాతము బ్రతికారు. నేర్చుకోనివాడు శ్వాస కోసము ఆగి ఆగి నొక్కడము పోగొట్టుకుంటాడు. అందుకే మన దేశపు మత్తు వైద్యుల సంఘము 2017లో సామాన్యులకు ఛాతీ నొక్కడము ఒక్కటే నేర్పాలని పద్ధతి పెట్టింది. ఇది పెద్దవారు అకస్మాత్తుగా పడిపోయినప్పుడు. బావిలో, నిజాంసాగర్ కాలువలో మునిగినవారికీ, చిన్నపిల్లలకూ ముందు పోయినది గాలి కనుక, చేతనైతే నోటి శ్వాస తప్పక ఇవ్వాలి. తలక్రిందులుగా పట్టి కడుపు నొక్కడము వద్దు. మునిగిన పిల్లవానిని ఉప్పులో పాతిపెడితే గంటల తరువాత లేస్తాడని ఫోనులలో తిరిగే మాటను నమ్మి, నొక్కవలసిన నిమిషములు ఉప్పు సంచులకు పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండండి, బ్రతుకుతారు అన్నది అటువంటిదే మరొకటి. మన సంఘపు గ్రూపులోనే అది నాకు నాలుగుసార్లు వచ్చింది, చివర “ఆమేన్” అని కూడా ఉన్నది.

సహోదరీ, ఇప్పుడు మీ ప్రశ్నకు. పట్నము తీసుకుపోతే బ్రతికేవారన్నది నిజము కాదు. దారిలోనే ఆ సమయము అయిపోయింది. మీ మరిదికి ఈ పేజీ చూపించండి. మేము ఏమి చేసి ఉండవలసినది అన్నారు. మంచము మీద నుండి దించి నేల మీద వెల్లకిల పడుకోబెట్టి ఛాతీ నొక్కి ఉంటే ఆశ కొంత పెరిగేది. ఎంత అన్నది పైన వ్రాశాను, పదిలో ఒక వంతు. మీరు చేయలేదు, ఎందుకంటే మీకు తెలియదు. తెలియచేయవలసినవారిలో ఈ శీర్షిక వ్రాసే నేను కూడా ఉన్నాను. ఇన్ని ఏండ్లుగా చక్కెర జబ్బు గురించి, బాలింత ఆహారము గురించి వ్రాశాను గాని దీనిని ఒక్కసారి కూడా వ్రాయలేదు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు ఆరాంఘర్ చౌరస్తాలో కూలిపోయిన ఒక మనిషిని ట్రాఫిక్ కానిస్టేబులు ఒకరు ఛాతీ నొక్కి బ్రతికించిన వీడియో మీలో చాలామంది చూచి ఉంటారు. ఆ మార్చిలోనే రాష్ట్ర ప్రభుత్వము పోలీసులకు, ఇతర సిబ్బందికి నేర్పడము మొదలుపెట్టింది. ఆ కానిస్టేబులు దగ్గర సూది లేదు, మిషను లేదు.

చేయవలసినది ఇంతే. పిలిచి చూడండి, ఒకరు 108కి ఫోను చేయాలి, ఫోను పెట్టివేయకూడదు. నులక మంచము మీద నొక్కితే నులకే క్రుంగుతుంది, ఛాతీ క్రుంగదు, కాబట్టి నేల మీదికి దించండి. ఛాతీ నడిమి ఎముక మీద, క్రింది సగములో, ఒక అరచేతి మడమ, దాని మీద రెండవ చెయ్యి. మోచేతులు వంచకుండా మీ బరువుతో రెండు అంగుళముల లోతు, నిమిషమునకు 100 నుండి 120 మార్లు. ప్రతిసారి ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషములకే చేతులు పడిపోతాయి, మరొకరు అందుకోవాలి. ప్రక్కటెముక విరిగిన చప్పుడు రావచ్చు, ఆగవద్దు. నోటిలో నీళ్ళు పోయవద్దు.

మా స్త్రీల మైత్రి కూటములో దీనిని అభ్యాసము చేయడానికి బొమ్మ లేక, ఖాళీ యూరియా సంచిలో వరి ఊక కూరి, మధ్యలో పాత సైకిలు ట్యూబు చుట్ట పెట్టి కుట్టాము. నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. అరవై దాటిన ఒక అమ్మమ్మ మొదట నవ్వి, తరువాత కొంగు బిగించి, అందరికంటె చక్కగా నొక్కింది. ఆ సంచి ఇప్పుడు మా దేవాలయపు వెనుక గదిలో ఉన్నది. మీ గ్రామ సంఘమునకు కావలెనన్న పాస్టరుగారిచేత కబురు పంపండి, ఆదివారము ఆరాధన అయిన తరువాత తీసుకొని వస్తాము.